నా గుండెలోని చిత్ర వాల్వు: పదిహేనేళ్ల వాడకం తర్వాత

2010 ఫిబ్రవరిలో నా గుండెలో అమర్చిన టీటీకే చిత్ర కృత్రిమ వాల్వు గురించి, దాని కోసం జీవితాంతం నేను వేసుకోవలసిన మాత్ర గురించి, ఆ మాత్ర మోతాదును తేల్చే రక్తపరీక్ష గురించి ఇక్కడ రాస్తున్నాను. ఇంట్లో వాడే వస్తువు గురించి రాసినట్టు దీని గురించి రాయవచ్చా అని చాలాకాలం తటపటాయించాను. అయితే ఆపరేషన్‌కు ముందు నేనూ మావారూ వెతికింది సరిగ్గా ఇలాంటి రాత కోసమే. దీన్ని పెట్టించుకుని పదేళ్లో పదిహేనేళ్లో బతికిన మనిషి ఎవరైనా తనకేం జరిగిందో తెలుగులో చెబితే వినాలనుకున్నాం, అది మాకు దొరకలేదు. నేను డాక్టర్ని కాను. పి.గన్నవరం మండలంలోని ఒక లంక గ్రామంలో ఉంటూ ప్రైవేటు పాఠశాలలో పిల్లలకు తెలుగు చెబుతాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: వాల్వుకు వంక పెట్టడానికి నాకు ఏమీ కనిపించలేదు. ఈ పదిహేనేళ్లలో నన్ను ప్రమాదం అంచుకు తీసుకెళ్లినవన్నీ వాల్వుకు బయట జరిగినవే: సగమే నిండిన ఒక రక్తపు గొట్టం, ఒక మాత్రకు బదులు ఇచ్చిన ఇంకో మాత్ర, విరేచనాలకు వేసుకున్న ఒక మాత్రల అట్ట.

జబ్బు నాకు చిన్నప్పుడే వచ్చింది. పదేళ్ల వయసులో గొంతునొప్పి, జ్వరం వచ్చి తగ్గాక మోకాళ్లు, చీలమండలు ఒకదాని తర్వాత ఒకటి వాచాయి. ఇంట్లో వాతం అన్నారు, నూనె మర్దనా చేశారు, తగ్గిపోయింది. అది రుమాటిక్ జ్వరమని, స్ట్రెప్టోకాకస్ అనే సూక్ష్మజీవి గొంతులో చేరినప్పుడు దాన్ని ఎదుర్కోవడానికి ఒంట్లో పుట్టిన రక్షణ బలగమే దారి తప్పి గుండె వాల్వుల మీద పడుతుందని, ఐదు నుంచి పదిహేనేళ్ల మధ్య పిల్లల్లో ఇది ఎక్కువని, మూడు వారాలకొకసారి బెంజథీన్ పెనిసిలిన్ ఇంజెక్షన్ ఏళ్ల తరబడి చేయించి ఉంటే వాల్వు ఇంతగా పాడయ్యేది కాదేమోనని పంతొమ్మిదేళ్ల తర్వాత గుండె డాక్టరు గారు చెప్పేదాకా మాకు తెలియదు. 2006లో రెండో కాన్పుకు ఏడో నెల నిండేసరికి నాకు విపరీతమైన ఆయాసం వచ్చింది. గర్భంతో ఉన్నప్పుడు ఒంట్లో రక్తం పెరుగుతుంది కాబట్టి సన్నబడిన మైట్రల్ వాల్వు (గుండె ఎడమపక్క రెండు గదుల మధ్య ఉండే తలుపు) జబ్బు అప్పుడే బయటపడుతుందట. మాకు మాత్రం నిండు చూలాలికి ఆయాసం మామూలేనని చెప్పి పంపించారు. 2009 వానాకాలానికి ఏటిగట్టు ఎక్కలేని స్థితికి వచ్చాను. రాత్రి వెల్లకిలా పడుకుంటే ఊపిరాడక లేచి కిటికీ పక్కన కూర్చుని తెల్లవార్చేదాన్ని. కాకినాడలో ఎకో, అంటే గుండె స్కానింగు, తీస్తే వాల్వు ద్వారం 0.8 చదరపు సెంటీమీటర్లని వచ్చింది. మామూలు మనిషికి అది 4 నుంచి 6 వరకు ఉంటుంది. బెలూన్‌తో వెడల్పు చేద్దామని మొదట అనుకున్నా, వాల్వు మీద సున్నం పేరుకుపోయి పైగా లీకు కూడా ఉండటంతో మార్చడం ఒక్కటే దారి అన్నారు.

2007లో మొదలైన రాజీవ్ ఆరోగ్యశ్రీ అప్పటికి మాకు అందుబాటులో ఉండటం నా అదృష్టం. తెల్ల రేషన్ కార్డు చూపిస్తే నెట్‌వర్క్ ఆసుపత్రిలో ఉండే ఆరోగ్యమిత్ర కాగితాలన్నీ పంపించారు, అనుమతి వచ్చింది, ఆపరేషన్‌కు మా చేతి నుంచి ఖర్చు కాలేదు. ఆ తర్వాత ఏడాదిపాటు మందులు, పరీక్షలు కూడా ఆ పథకం కిందనే నాకు ఇచ్చారు. ఇప్పుడు అదే పథకం డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తోంది. దీనికోసం వెళ్లేవారు ఒక్క విషయం ముందే సరిచూసుకోవాలి. రేషన్ కార్డులో, ఆధార్‌లో, ఆసుపత్రి చీటీలో పేరు ఒకే తీరుగా ఉండాలి. నా పుట్టింటి ఇంటిపేరు ఒకచోట, అత్తింటి ఇంటిపేరు ఇంకోచోట ఉన్న కారణంగా, ఊపిరాడని రోజుల్లో మావారు ఆ కాగితాల కోసం ఎనిమిది రోజులు తిరిగారు.

ఆపరేషన్‌కు ముందు రోజు సర్జన్ గారు రెండు రకాల వాల్వుల గురించి చెప్పారు. పంది వాల్వుతోగానీ, ఆవు గుండె పైపొరతోగానీ తయారుచేసేవి ఒక రకం. వాటికి రక్తం పలచబడే మాత్ర ఎల్లకాలం అక్కరలేకపోవచ్చు, అయితే పది పదిహేనేళ్లలో అరిగిపోతాయి, వయసు తక్కువ అయితే ఇంకా త్వరగా. రెండోది యంత్రపు వాల్వు. అది అరగదు, మాత్ర మాత్రం ప్రాణం ఉన్నంతకాలం. నాకు ఇరవై తొమ్మిదేళ్లు, ఇద్దరు పిల్లలు, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అప్పటికే అయిపోయింది. అందుకని యంత్రపు వాల్వు అన్నారు. ఇంకా పిల్లలు కావాలనుకునే ఆడపిల్లల విషయంలో ఈ నిర్ణయం చాలా బరువైనది. రక్తం పలచబడేందుకు ఇచ్చే వార్ఫరిన్ జాతి మాత్రలు గర్భంలోని బిడ్డకు, ముఖ్యంగా ఆరో వారం నుంచి పన్నెండో వారం దాకా, హాని చేయగలవు. పెళ్లి కావలసిన అమ్మాయికి వాల్వు మారుస్తున్నామంటే ఈ మాట ఆపరేషన్‌కు ముందే, ఆ అమ్మాయి ఎదుటే మాట్లాడాలి. పెద్దవాళ్లు గది బయట మాట్లాడుకుని తేల్చే విషయం కాదిది.

ఇక వాల్వు సంగతి. డిశ్చార్జి రోజున ఒక చిన్న అట్టకార్డు ఇచ్చారు. టీటీకే చిత్ర అనే పేరు, మైట్రల్ స్థానం, 27 మిల్లీమీటర్ల సైజు, క్రమసంఖ్య అందులో ఉన్నాయి. ఆ పేరు పట్టుకుని తర్వాత తెలుసుకున్నది చెబుతాను. తిరువనంతపురంలోని శ్రీ చిత్ర తిరునాళ్ సంస్థలో డాక్టర్ ఎం.ఎస్. వలియత్తాన్ గారి ఆధ్వర్యంలో సర్జన్లు, ఇంజనీర్లు కలిసి దీన్ని రూపొందించారు. విదేశీ వాల్వులు మన దేశపు రుమాటిక్ రోగులు కొనగలిగే ధరలో ఉండేవి కావు. మొదటి నమూనాలు పరీక్షల్లో విఫలమయ్యాయి, గొర్రెలకు అమర్చి చూశారు, చివరికి నిలిచిన నమూనాను 1990 డిసెంబరులో మొదటిసారి మనిషికి అమర్చారు. ఇప్పటికి లక్షమందికి పైగా దీన్ని అమర్చారు. వలియత్తాన్ గారు 2024 జులైలో కన్నుమూశారని పత్రికలో చదివిన రోజు మా ఇంట్లో దీపం వెలిగించాను. ఆయన నన్ను చూడలేదు, నేను ఆయనను చూడలేదు. అయినా ఆ రోజు మా ఇంట్లో మనిషి పోయినట్టే అనిపించింది.

దీని నిర్మాణం చాలా సరళమైనది. కోబాల్టు, క్రోమియం కలిసిన మిశ్రమలోహంతో ఒక ఉంగరం, ఆ ఉంగరంలో పక్కకు వాలి తెరుచుకునే ఒక గుండ్రటి బిళ్ల, గుండెకు కుట్టడానికి చుట్టూ పాలియెస్టర్ అంచు. బిళ్ల మాత్రం లోహం కాదు, గట్టి పాలిథిలీన్. కృత్రిమ మోకాలి కీళ్లలో వాడేది ఇదే. మా డెల్టా వాళ్లకు ఇది ఎలా పనిచేస్తుందో చెప్పడం తేలిక. మురుగు కాలవ సముద్రంలో కలిసేచోట స్లూయిస్ తలుపులు ఉంటాయి కదా, కాలవ నీరు తోస్తే అవి తెరుచుకుంటాయి, పోటు వచ్చి ఉప్పునీరు వెనక్కి తోస్తే మూసుకుంటాయి. నా గుండెలో ఆ బిళ్ల చేసే పని అంతే. నిమిషానికి డెబ్బై సార్లు అనుకున్నా రోజుకు లక్ష సార్లు తెరుచుకుని మూసుకుంటుంది. ఏడాదికి మూడున్నర కోట్లు దాటుతుంది, ఈ పదిహేనేళ్లలో యాభై కోట్లు దాటింది. ఏటా తీయించే ఎకోలో ఇప్పటికీ బిళ్ల ఆట బాగుందనే రాస్తున్నారు.

శబ్దం గురించి చాలామంది అడుగుతారు. పగలు వినబడదు. బిళ్ల ప్లాస్టిక్ కావడం వల్ల దీని చప్పుడు మెత్తనిది. కరెంటు పోయి ఫ్యాను ఆగిన రాత్రి, ఎడమపక్కకు తిరిగి చెవి దిండుకు ఆనిస్తే, పక్కగదిలో గోడగడియారం నడుస్తున్నట్టు ‘టిక్, టిక్’ అని వినిపిస్తుంది. మొదటి ఏడాది ఆ చప్పుడుకు భయపడి నిద్రపోయేదాన్ని కాదు. తర్వాత అది వినబడితేనే నిద్ర పట్టేది. మా చిన్నమ్మాయి నాలుగేళ్లప్పుడు నా గుండె మీద చెవి పెట్టి పడుకుని, ‘అమ్మా, నీ గడియారం ఆగకూడదు కదా’ అని అడిగింది. వాల్వు పెట్టించుకున్నవారు తమ చప్పుడు ఎలా ఉంటుందో ఎరిగి ఉండాలని నా గట్టి సలహా. అది మొద్దుబారినట్టు అయి, దానికి తోడు ఆయాసం మొదలైతే బిళ్ల దగ్గర రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. అప్పుడు తెల్లవారేదాకా ఆగకూడదు.

వాల్వుకు నేను పూర్తి మార్కులు వేస్తాను. దాన్ని అమర్చిన సర్జన్ గారి చేతులకూ అంతే. ఆ తర్వాతి వ్యవహారానికి మాత్రం వేయలేను. పరాయి వస్తువు తగిలినచోట రక్తం గడ్డకట్టాలని చూస్తుంది. ఆ గడ్డ వాల్వును బిగించేయవచ్చు, లేదా ఊడి మెదడుకు పోయి పక్షవాతం తేవచ్చు. అందుకని రక్తం పలచబడే మాత్ర వేసుకోవాలి. పలచదనం మరీ ఎక్కువైతే ఒంట్లో ఎక్కడైనా రక్తం కారుతుంది. ఎంత ఉండాలో చెప్పే కొలత పేరు ఐఎన్ఆర్. మామూలు మనిషికి అది 1 దగ్గర ఉంటుంది, నాలాగా మైట్రల్ స్థానంలో యంత్రపు వాల్వు ఉన్నవారికి 2.5 నుంచి 3.5 మధ్య ఉండాలి. నా బతుకు ఆధారపడిన ఈ విషయం మొత్తం డిశ్చార్జి సమ్మరీలో ఇంగ్లీషులో ఒక్క వరుసగా ఉంది. సాయంత్రం ఏడింటికి మాత్ర వేసుకోమన్నారు, నెలకోసారి రక్తం చూపించమన్నారు. ఎందుకో, చూపించకపోతే ఏమవుతుందో, ఏ మందులు కలవకూడదో ఆ ఆసుపత్రిలో మాకు కూర్చోబెట్టి చెప్పినవారు లేరు. నన్ను బతికించిన చోటే అది, ఆ కృతజ్ఞత ఎప్పటికీ ఉంటుంది. అయినా పది నిమిషాల తెలుగు మాట ఒకటి వాళ్లు నాకు బాకీ ఉన్నారని ఇప్పటికీ అనుకుంటాను.

2016 సెప్టెంబరులో జరిగింది వివరంగా చెప్పాలి. అప్పుడు ఒక ల్యాబు కుర్రాడు మోటారు సైకిలు మీద మా ఊరు వచ్చి రక్తం తీసుకుని వెళ్లేవాడు. పరీక్ష వేరే ఊళ్లో జరిగేది, ఫలితం సాయంత్రానికి ఫోనులో వచ్చేది. గన్నవరం వెళ్లి, బస్సెక్కి అమలాపురం వెళ్లి, స్కూలుకు సెలవు పెట్టుకునే పని తప్పిందని నేను ఎంతో సంతోషించాను. ఆ రోజు నరం సరిగా దొరకక నీలం మూత ఉన్న గొట్టంలో సగం దాకానే రక్తం వచ్చింది. ‘సరిపోద్దండీ, ఆయ్’ అని మూత పెట్టేసుకుని వెళ్లాడు. ఐఎన్ఆర్ 5.1 అని వచ్చింది. ఆసుపత్రికి ఫోను చేస్తే ఆ అంకెను బట్టి రెండు రోజులు మాత్ర ఆపి, తర్వాత మోతాదు తగ్గించమన్నారు. ఆ మాట ప్రకారమే చేశాను. పన్నెండో రోజున ఆరో తరగతిలో బోర్డు మీద ‘సంయుక్తాక్షరాలు’ అని రాస్తుండగా ‘సంయు’ దగ్గర సుద్దముక్క చేతిలోంచి జారిపోయింది. వంగి తీసుకుందామంటే కుడిచేయి నా మాట వినలేదు. పిల్లల వైపు తిరిగి ‘హెడ్ మాస్టారిని పిలవండి’ అని చెప్పాలనుకున్నాను, ఆ మాట మనసులో స్పష్టంగా ఉంది, నోట్లోంచి ఏదో శబ్దం మాత్రమే వచ్చింది. ముందు బెంచీలో కూర్చునే పిల్ల లేచి పరిగెత్తింది. 108 వచ్చేసరికి చేయి కదిలింది, కాకినాడ చేరేసరికి మాట కూడా తిరిగి వచ్చింది. అక్కడ మళ్లీ రక్తం చూస్తే ఐఎన్ఆర్ 1.4 ఉంది.

గొట్టంలో ఎంత రక్తం తీశారని ఆ ఆసుపత్రిలో ల్యాబు డాక్టరు గారు అడిగేదాకా అసలు సంగతి నాకు అర్థం కాలేదు. నీలం మూత గొట్టంలో రక్తం గడ్డకట్టకుండా ఆపే సిట్రేటు ద్రావణం ముందే పోసి ఉంటుంది. తొమ్మిది పాళ్ల రక్తానికి ఒక పాలు సిట్రేటు అనే లెక్క మీద గొట్టం మీద గీత గీస్తారు. రక్తం సగమే పోస్తే సిట్రేటు ఎక్కువై, గడ్డకట్టే సమయం సాగిపోయి, ఐఎన్ఆర్ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. ఆ రోజు నా రక్తం ఎక్కువ పలచబడిందనే అంకె నమ్మదగినది కాదు. ఆ అంకెను నమ్మి మాత్ర తగ్గించడం వల్ల చిన్న గడ్డ ఏర్పడి మెదడు దాకా వెళ్లి, దైవానుగ్రహం వల్ల కరిగిపోయింది. ఎకో తీసి వాల్వు బిళ్ల బాగానే ఆడుతోందన్నారు, 75 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ అదనంగా కలిపారు. ఆ కుర్రాడి మీద నాకు కోపం లేదు, అతనికి ఎవరూ నేర్పలేదు. నేర్పకుండా ఇంటింటికీ పంపినవారి మీద మాత్రం ఉంది. ఇంటికి వచ్చి రక్తం తీసే సేవ వాడుకునే వాల్వు రోగులందరికీ నా విన్నపం ఒక్కటే: గొట్టం గీత దాకా నిండకపోతే ఆ రక్తం పంపనివ్వకండి, ఇంకో గొట్టం తీయమనండి. మరీ వింతగా ఉన్న అంకె వస్తే, రక్తం కారుతున్న లక్షణాలు లేకపోతే, మోతాదు మార్చేముందు మళ్లీ పరీక్ష చేయించవచ్చా అని డాక్టరు గారిని అడగండి. రిపోర్టులో సెకన్ల లెక్క ఒక్కటే కాక ఐఎన్ఆర్ కూడా ఉండాలి. సెకన్లు ల్యాబుకూ ల్యాబుకూ మారతాయి, ఆ తేడాను సరిచేయడానికే ఐఎన్ఆర్ వచ్చింది.

మందుల దుకాణాల విషయానికి వస్తే రెండు అనుభవాలు చెబుతాను. నేను వేసుకునేది ఎసినోకూమరాల్. ఒకసారి అది లేదని, ‘రెండూ ఒకటే, ఇదీ రక్తం పలచబడేదే’ అని వార్ఫరిన్ 2 మిల్లీగ్రాములు ఇచ్చారు. రెండూ ఒకే జాతివి, కానీ ఒకదాని మిల్లీగ్రాము ఇంకోదాని మిల్లీగ్రాముకు సమానం కాదు. వార్ఫరిన్ ఎక్కువ మోతాదులో కావాలి. అట్ట మీద అక్షరాలు చదివి నేనే తిరిగి ఇచ్చేశాను. రెండోసారి అంత జాగ్రత్త పడలేదు. విరేచనాలు పట్టుకుంటే ఊళ్లో ప్రాక్టీసు చేసే ఆయన మెట్రోనిడజోల్ ఇచ్చారు, ఐదు రోజులు వేసుకున్నాను. నాలుగో రోజున పళ్లు తోముకుంటే నురగ ఎర్రగా వచ్చింది, తొడ మీద అరచేయంత నల్లటి కమిలిన మచ్చ కనిపించింది. ఐఎన్ఆర్ 6.8. మెట్రోనిడజోల్, కోట్రైమాక్సజోల్, ఫంగస్‌కు ఇచ్చే ఫ్లూకోనజోల్ మన మాత్ర బలాన్ని పెంచుతాయి. క్షయకు ఇచ్చే రిఫాంపిసిన్ తగ్గిస్తుంది. డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు కడుపులో రక్తస్రావం తేవచ్చు. ఈ పేర్లు తెలుగులో రాసి బీరువా తలుపు లోపల అంటించాను.

ఇంకొక హెచ్చరిక. రక్తపరీక్ష అక్కరలేని కొత్త రకం మాత్రలు వచ్చాయని, వాటికి మారిపొమ్మని మేలు కోరే బంధువులు చెబుతూ ఉంటారు. డాబిగాట్రాన్, రివరోక్సాబాన్, ఎపిక్సాబాన్ ఆ కోవలోవి. గుండె లయ తప్పినవారికి అవి మంచివే కావచ్చు, యంత్రపు వాల్వు ఉన్నవారికి మాత్రం పనికిరావు. మనలాంటివారిలో డాబిగాట్రాన్‌ను పరీక్షించిన అధ్యయనాన్ని గడ్డలు, రక్తస్రావాలు ఎక్కువ కావడంతో మధ్యలోనే ఆపేశారు, దాని ఫలితాలు 2013లో వచ్చాయి. ఎపిక్సాబాన్‌తో చేసినదాన్ని కూడా 2022లో ఆపేశారు. మన పాత మాత్రను ఎలుకల మందు అని భయపెట్టేవారూ ఉన్నారు. వార్ఫరిన్‌ను 1948లో ఎలుకల మందుగా అమ్మిన మాట నిజమే, 1954 నుంచి మనుషుల వైద్యంలో వాడుతున్న మాటా నిజమే. ఆ మాట విని మా అత్తగారు నెలరోజులు నన్ను మాత్ర మానమని పోరు పెట్టారు. 2016 తర్వాత సాయంత్రం ఏడింటికి మంచినీళ్ల గ్లాసుతో మాత్ర తెచ్చి ఇచ్చేది ఆవిడే.

తిండి విషయంలో నాకు మొదట చెప్పింది ఆకుకూరలు మానేయమని. మునగాకు, తోటకూర, బచ్చలి, గోంగూర లేని భోజనం మా వైపు మనిషికి భోజనం కాదు. ఆకుకూరల్లోని విటమిన్ కె మాత్రకు ఎదురు పనిచేస్తుందన్నది నిజం. రెండేళ్లు మానేశాను, మధ్యలో ఉండబట్టలేక ఒక్కసారిగా తినేదాన్ని, ఐఎన్ఆర్ ఎగుడుదిగుడుగా వచ్చేది. ఒక కార్తీక మాసంలో నీసు మానేసి, ఉపవాసం విరమించిన ప్రతిసారీ కంద బచ్చలి కూర, తోటకూర పులుసు తిన్నాను. నెలాఖరుకు ఐఎన్ఆర్ 1.9కి దిగింది. కాకినాడ డాక్టరు గారు కోప్పడలేదు. ‘నేను మానేయమనను తల్లీ, వారానికి ఎన్నిసార్లు తింటావో ఏడాది పొడవునా అన్నిసార్లే తిను, దానికి తగ్గట్టు మాత్ర నేను చూసుకుంటాను’ అన్నారు. అప్పటి నుంచి వారానికి మూడు రోజులు, గరిటెడు చొప్పున తింటున్నాను. కార్తీక మాసమైనా అంతే. అంకె నిలకడగా ఉంది.

ఆడవాళ్లు బయటకు చెప్పుకోని ఒక సంగతి రాయకపోతే ఈ రాత పూర్తి కాదు. ఈ మాత్రతో నెలసరి రక్తస్రావం బాగా పెరుగుతుంది. నాకు హిమోగ్లోబిన్ 7కు పడిపోయింది, ఆ నీరసాన్ని గుండె జబ్బు నీరసమే అనుకుని ఏడాది గడిపాను. ఎకో బాగుంటే బాగున్నట్టే అనుకోకండి, హిమోగ్లోబిన్ కూడా చూపించుకోండి. స్త్రీ వైద్యురాలి దగ్గరకు వెళ్లినప్పుడు వాల్వు కార్డు ముందుగా బల్ల మీద పెట్టండి. పన్ను తీయించుకునేటప్పుడూ అంతే. పళ్ల చిగుళ్ల నుంచి సూక్ష్మజీవి రక్తంలోకి వెళ్లి కృత్రిమ వాల్వు మీద చేరితే అది ప్రాణాంతకం. అందుకే పన్ను పనికి ముప్పావుగంట ముందు 2 గ్రాముల ఎమాక్సిసిలిన్ వేసుకోమని మా డాక్టరు గారు రాసి ఇచ్చారు.

లంకల్లో ఉండేవారికి వరద రోజుల మాట వేరే చెప్పాలి. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటి వచ్చిన వరదకు మా ఊరు నీళ్ల మధ్య ఉండిపోయింది. నా దగ్గర ఆరు మాత్రలు మిగిలాయి, పరీక్ష తేదీ దాటింది. పడవ మీద వచ్చిన వైద్య శిబిరంలో జ్వరాలకు, విరేచనాలకు, పాముకాటుకు మందులున్నాయి, ఎసినోకూమరాల్ లేదు. అందులోని ఏఎన్ఎమ్మమ్మగారు నా చీటీ ఫొటో తీసుకుని మూడో రోజు పడవలో రెండు అట్టలు పంపించారు. పేరు రాయడం ఆవిడకు ఇష్టం ఉండదు కనుక రాయడం లేదు. ఆ ఏడాది నుంచి జూన్ మొదటి వారానికే రెండు నెలల మాత్రలు కొని మూత బిగిసే స్టీలు డబ్బాలో పెట్టుకుంటున్నాను.

వేలి చుక్క రక్తంతో ఇంట్లోనే ఐఎన్ఆర్ చూసుకునే మీటర్లు ఉన్నాయి. యంత్రం ఒకసారి కొంటే సరిపోదు, ప్రతి పరీక్షకూ ఒక పట్టీ కావాలి, ఆ పట్టీల ఖర్చు నా జీతానికి అందదు. వరదల్లో చిక్కుకునే మాలాంటి ఊళ్లలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి అలాంటిదొకటి ఉంటే ఎంత మేలో చెప్పలేను.

ఇప్పుడు నేను వెళుతున్న ల్యాబు అమలాపురంలోని చిన్నది. ఏసీ లేదు, మూడు కుర్చీలు, గోడకు ఒక క్యాలెండరు. పరీక్షకు మూడు వందలు తీసుకుంటారు. రక్తం తీసినచోటే గంటలో పరీక్ష చేస్తారు, రిపోర్టులో ఐఎన్ఆర్ పెద్ద అక్షరాల్లో ఉంటుంది, కిందటి నెల అంకె కూడా పక్కనే వేస్తారు. అక్కడ పనిచేసే అమ్మాయికి ఇరవై ఐదేళ్లు ఉంటాయేమో. రక్తం తీశాక నీలం మూత గొట్టాన్ని మెల్లగా మూడు నాలుగు సార్లు తిరగేసి, కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకుని, ‘అక్కా, గీత దాకా వచ్చింది, చూసుకోండి’ అని నాకు చూపించిన తర్వాతే స్టాండులో పెడుతుంది. ఈ నెల 2.8 వచ్చింది. వచ్చే పరీక్ష నాలుగు వారాల తర్వాత, గురువారం. స్కూల్లో ఒక పూట సెలవుకు చీటీ ఇచ్చేశాను.